తొలి ఎంగిలి

కాయను పండు అని చెప్పి అమ్మింది మీరే. మండీ షావుకార్లు, వాళ్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ రైతు సంఘం పెద్దలు, ఆ పెద్దలకు చెయ్యెత్తి ఇంటికెళ్లి పడుకున్న మగాళ్లు, అందరూ కలిసి చేసిన పని అది. పట్నంలో ఒక తల్లి మా లోయ పేరు చూసి, ఇష్టపడి పీచ్ పండు కొనుక్కెళ్లింది. కోసి బిడ్డ నోట్లో పెడితే ఆ బిడ్డ ఉమ్మేసింది. ఆ ఉమ్ము మీ మొహాన పడాలి. మా మొహాన పడింది.

ఇప్పుడు మళ్లీ బయల్దేరారు. తొలి ఎంగిలి మొరటుతనమట. శుభ్రం కాదట, కొనేవాళ్లు చూస్తే అసహ్యించుకుంటారట. ఈ ఏడు నుంచి అది ఎత్తేసి, కోత తేదీని సంఘం గోడకు అంటిస్తారట. సరే. అంటించే ముందు, పచ్చికాయ అమ్మిన ఆ ఏటి సంగతి వినండి. చూసినవాళ్లలో సగంమంది పోయారు. మిగతా సగంమంది మరిచిపోయినట్టు నటిస్తున్నారు. నేను పోలేదు, మరిచిపోలేదు.

మా వాల్దెబ్రియా లోయలో పిందె కాస్త అక్రోటు కాయంత అయ్యేసరికి ఆడవాళ్లం నిచ్చెనలు ఎక్కుతాం. ప్రతి కాయకూ ఒక కాగితం సంచి తొడిగి, మూతి దగ్గర సన్న తీగ మెలిపెడతాం. అక్కణ్నుంచి ఆ కాయ ఎవరి కంటా పడదు. ఎండాకాలమంతా సంచిలోనే పెరిగి, చలిగాలి మొదలయ్యే వేళకి పండుతుంది. పురుగు చేరదు, మందు తగలదు. ఎవరు సంచులు తొడిగిన వరస వాళ్లది. కోత రోజు పొద్దున ఆమే తన వరసలో ఒక పండు తెంపి, సంచి విప్పి, చెట్టు కిందే నిలబడి తినాలి. ఆ తర్వాతే మిగతా చేతులు చెట్టు మీద పడాలి. తొలి ఎంగిలి అంటే ఇదే.

నిజం చెప్పాలంటే ఆ ఏటిదాకా దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మగాళ్లు ఫలానా రోజు కోత అనేవాళ్లు. మేం కొరికేవాళ్లం, నవ్వుకునేవాళ్లం, బుట్టలు అందుకునేవాళ్లం.

ఆ ఎండాకాలం నేను మా అత్త ఒరోసియాతో, పక్కతోట బ్లాసాతో కలిసి సంచులు తొడుగుతున్నాను. మెడలు పైకెత్తి ఎత్తి బిగుసుకుపోయాయి. బ్లాసా నోటికి మాత్రం ఏమీ కాలేదు.

"మెల్చోరక్కా, మీ ఆయన నిన్న కాఫీ కొట్లో షావుకారు అర్కాదియోగారితో చెయ్యి కలిపాడంటగా?"

"దేనికి?"

"నన్నడుగుతావేం? నీ పక్కలో పడుకునేవాడు నీకు చెప్పలేదా?"

"నా పక్కలో గురక పెడతాడు. మాటలన్నీ కాఫీ కొట్లోనే."

అత్త నవ్వలేదు. కొడుకు మీద పరాచికాలు ఆవిడకు పడవు. "మగాళ్లు చేతులు కలుపుకుంటే మనకెందుకే? తీగ మెలిపెట్టుకోండి," అంది.

బ్లాసా గొంతు తగ్గించింది. "సెప్టెంబరు మొదట్లోనే కోతంట. లారీ లోపల మంచుగడ్డలా చల్లగా ఉంటుందంట. అందరికంటే ముందు ఉత్తరాది మార్కెట్లో దించాలంట."

"సెప్టెంబరు మొదట్లో మన కాయ రాయి కదే!"

"సంచిలో ఉంటుందిగా అక్కా. ఎవడు చూడొచ్చాడు?"

ఆ మాట బ్లాసాది కాదు. అది అర్కాదియో మాట, ఊళ్లో నోటినోటా తిరిగి మా నిచ్చెన దాకా వచ్చింది. కాయను కాపాడటానికి మేం తొడిగిన సంచి, వాడికి దొంగసరుకు కప్పే గుడ్డ అయింది. నా చేతిలో తీగ తెగింది. ఇంకోటి తీసుకున్నాను. అది కూడా తెగింది.

ఆ సాయంత్రం నా మొగుడు లిసీనియో రొట్టె మీద నూనె పోసుకుంటుంటే అడిగేశాను.

"మాటిచ్చావా?"

"ఇచ్చాను."

"నన్నడిగావా?"

"చెట్లు మా అమ్మవి. అమ్మే నోరెత్తలేదు. నీకెందుకు నొప్పి?"

"ఆ చెట్ల మీద సంచులు నావి."

రొట్టె పక్కన పెట్టాడు. "పోయినేడు ఏమైందో మరిచావా మెల్చోరా? పండనిద్దాం, పండనిద్దాం అని కూర్చున్నాం. ఇంక నాలుగు రోజుల్లో కోతనగా వడగళ్లు పడ్డాయి. చెట్టుకి ఆకు కూడా మిగల్లేదు. ఈ ఏడు కూడా పోతే తోట మనది కాకుండా పోతుంది. ఆకాశం వంక చూస్తూ కూర్చోవడం ఇంక నా వల్ల కాదు."

"అందుకని పచ్చికాయ అమ్ముతావా?"

"అమ్మేది నేను, తినేవాడెవడో. వాడేమన్నా నాకు బావమరిదా?"

నా మొగుడు చెడ్డవాడు కాదు. కుదురు లేనివాడు. పొయ్యి మీద చిక్కుళ్లు ఉడుకుతుంటే పదిసార్లు మూత తీసి చూసే రకం. సంఘంలో కుర్చీ ఉంది, ఇచ్చిన మాటకు విలువుంది, వెనక పోయినేటి వడగళ్ల భయం ఉంది. అర్కాదియో ఆ భయాన్ని వాసన పట్టాడు. షావుకార్లకు పండు వాసన తెలీదు గాని భయం వాసన బాగా తెలుసు.

తోట పోతుందన్న మాట నాకూ నిద్ర లేకుండా చేసింది. అది అబద్ధం కాదు. కానీ పచ్చికాయ ఒకసారి అమ్మితే మరుసటేడు మా పేరు చూసి కొనేవాడెవడు? అప్పుడు పోయేది ఒక్క మా తోట కాదు.

ఆగస్టు ఎండల్లో తోటలో తిరుగుతుంటే ఒక సంగతి కనపడింది. నేను తీగను ఎడమవైపు మెలిపెడతాను, మా అత్త కూడా అంతే. నా వరసలో కొన్ని సంచులకు మెలిక కుడివైపు ఉంది. కొన్నింటి మూతి సరిగా మూసుకోక, లోపల కందిరీగలు గుయ్యిమంటున్నాయి.

"ఏమయ్యా, సంచులు విప్పి చూస్తున్నావా?"

"నేనెందుకు చూస్తాను? ఎలుకలేమో."

"ఎలుకలు తీగ కుడివైపు మెలిపెడతాయా?"

తలగోక్కున్నాడు. "ఊరికే ఒకటి రెండు. ఎంతదాకా వచ్చిందో చూద్దామని."

"చూసిన ప్రతిదీ చచ్చింది లిసీనియో."

పాపం, అతనికీ కాలు నిలవడం లేదు. మాటిచ్చినవాడికీ మనసులో కాయ పండాలనే ఉంది.

రొట్టెల బట్టీ దగ్గర ఆడవాళ్లం వరస కట్టి నిలబడతాం కదా, నేను అక్కడ మొదలుపెట్టాను. మనం తొలి ఎంగిలి చెయ్యకపోతే కోత లేదు. చెయ్యొద్దు. పండేదాకా నోరు కట్టుకుందాం. అంతే, పెద్ద ఉపన్యాసమేం కాదు. మొదట బ్లాసాయే పకపకా నవ్వింది. "అందరూ తిండి పెట్టమని సమ్మె చేస్తారు. తిననని సమ్మె చేసేదాన్ని నిన్నే చూస్తున్నానక్కా!" నవ్వుతూనే, తనూ కొరకనంది. తర్వాత మిగతావాళ్లు. కొందరు మొగుళ్ల పేరు చెప్పి తల దించుకున్నారు. మా అత్తను నేను అడగలేదు. ఆవిడ తన రొట్టె చంకలో పెట్టుకుని, అంతా విని, వెళ్లిపోయింది.

లారీ మా తోటకే మొదట వచ్చింది. సంఘంలో కుర్చీ ఉన్నవాడు ముందు కోస్తే ఊరంతా వెనకే వస్తుందని అర్కాదియో లెక్క. ఇస్త్రీ చొక్కా, మంచి బూట్లు. ఖాళీ పెట్టెలు దింపించాడు. కోతవాళ్లు బుట్టలు భుజాన వేసుకుని నిలబడ్డారు. గట్టు మీద సగం ఊరు చేరింది.

"కానివ్వండమ్మా, తలా ఒక గాటు పెట్టండి. ఎండెక్కుతోంది," అన్నాడు అర్కాదియో.

"నా వరస పండలేదు," అన్నాను.

"కొరికితేనే కదమ్మా తెలిసేది?"

"కొరికితే కోత మొదలుపెడతారు. అందుకే కొరకను."

గట్టు మీద ఎవరో ఈల వేశారు. అర్కాదియో నవ్వాడు. "ఏం లిసీనియో, మీ ఇంట్లో మాటిచ్చేది ఒకరు, మాట్లాడేది ఒకరా?"

లిసీనియో చెవులు ఎర్రబడ్డాయి. నా వంక చూడలేదు. మా అత్త వైపు తిరిగాడు. "అమ్మా, చెట్లు నీవి. మొదటి వరస నీది. నువ్వు కానివ్వు."

ఆవిడ కొడుకు మాట ఎప్పుడూ కాదనలేదు. నన్ను పెళ్లాడతానంటే కాదనలేదు, కంచరగాడిదను అమ్మి ట్రాక్టరు కొంటానంటే కాదనలేదు. గబగబా నడుచుకుంటూ మొదటి చెట్టు దగ్గరికెళ్లింది. ఒక కాయ పట్టుకుని తిప్పింది. రాలేదు. గట్టిగా లాగింది. కొమ్మంతా ఊగి, ఆకులతో సహా ఊడి వచ్చింది. సంచి విప్పింది. పచ్చగా ఉంది. కొరికితే టక్కుమన్న చప్పుడు గట్టు దాకా వినిపించింది.

నమిలింది. చాలాసేపు నమిలింది. పక్కకు తిరిగి ఉమ్మింది. నడుముకు కట్టుకున్న గుడ్డతో నోరు తుడుచుకుంది. కాయను మళ్లీ సంచిలో పెట్టి, మూతికి తీగను ఎడమవైపు శుభ్రంగా మెలిపెట్టి, తీసుకెళ్లి అర్కాదియో చేతిలో పెట్టింది.

"తీసుకెళ్లయ్యా. ఇంట్లో పిల్లలుంటే పెట్టు."

అంతే అంది. ఇంటికెళ్లి పొయ్యి వెలిగించుకుంది.

"కొరికింది కదా, ఇంక ఎక్కండి!" అన్నాడు అర్కాదియో. కోతవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకడు బుట్ట కింద పెట్టాడు. నిచ్చెన ఎవరూ ఎక్కలేదు. లిసీనియో ఆ ఉమ్మి పడిన చోటు వంకే చూస్తూ ఉండిపోయాడు.

లారీ బయల్దేరింది. బ్లాసా వాళ్ల తోట వైపు తిరిగింది.

బ్లాసా కొరికింది. వెనక మొగుడు, మామ, ఇద్దరు మరుదులు నిలబడితే కొరికింది. ఆమెను నేనేమీ అనను. ఆ నలుగురినీ అంటాను, పెట్టెలు మోయించినవాణ్ని అంటాను. వాళ్లతోపాటు ఇంకొన్ని తోటలు కోసుకున్నాయి. మా సంచులే, మా ఊరి పేరే వేసుకుని ఆ రాళ్లు ఉత్తరానికి పోయాయి.

మేం ఆగాం. ఆగడమంటే ఏమిటో ఆ నెలలో తెలిసింది. పని ఉంటే చేస్తాం, గొడవ ఉంటే పడతాం. ఆగడానికి చేతులతో పనిలేదు. నేను ఇల్లు ఊడ్చిందే ఊడ్చాను. కిటికీ తెరిచి కొండల మీద మబ్బు చూడటం, మూయడం, మళ్లీ తెరవడం. పెంకు మీద పిల్లి నడిచినా వడగళ్లేమోనని వాకిట్లోకి పరుగెత్తేదాన్ని. లిసీనియో తోటలో పనిముట్ల గదిలోకి మకాం మార్చాడు. కోపంతో కాదట, కాపలాకట. నాతో మాట్లాడలేదు. మా అత్త అటూ ఇటూ గిన్నెలు మోసేది.

"ఏమంటున్నాడు అత్తా?"

"ఉప్పు ఎక్కువైందన్నాడు."

"ఇంకేం అనలేదా?"

"వాడి నోట్లో ఉప్పు ఉందే, ఇంకేం అంటాడు?"

వడగళ్లు రాలేదు. సియెర్సో వచ్చింది. వాయవ్యం నుంచి వచ్చే మా ఎండుగాలి, తలుపులు పీకేసే గాలి. ఒక పగలంతా వీచింది. సాయంత్రం తోటకు పరుగెత్తాను. చెట్ల కింద నేలంతా తెల్ల సంచులు. కొన్ని పగిలాయి, కొన్ని దొర్లి కాలవలో పడ్డాయి. లిసీనియో మోకాళ్ల మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే ఏరి పెట్టెలో పెడుతున్నాడు, పనికిరావని తెలిసీ.

"అను," అన్నాను. "నీ వల్లే అని అను."

అతను తలెత్తలేదు. "దగ్గర దగ్గర మూడోవంతు పోయింది."

"మిగిలింది ఉందిగా."

"రేపు మళ్లీ వీస్తే?"

"వీస్తే వీస్తుంది."

అతని ఎదురుగా కూర్చుని నేనూ ఏరాను. చీకటి పడేదాకా ఇద్దరం ఏరాం.

మర్నాడు బ్లాసా వచ్చింది, కళ్లు వాచి ఉన్నాయి. వాళ్ల కాయలు దించిన పట్నంలో కొట్టువాడు ఇంకో లోడు వద్దన్నాడట. వాల్దెబ్రియా పండు, బంగాళాదుంప ఒకటేనని అక్కడి ఆడవాళ్లు అంటున్నారట. ఒకామె బిడ్డ ఉమ్మేసిన ముక్క తెచ్చి కొట్టు బల్ల మీద పెట్టిందట.

"నేనే కొరికానక్కా," అంది బ్లాసా. "నా పన్ను కదిలింది తెలుసా? ఇప్పటికీ కదులుతోంది. చూడు." ఏడుస్తూనే నోరు తెరిచి చూపించింది. నవ్వొచ్చింది ఇద్దరికీ. నవ్వి మళ్లీ ఏడ్చింది.

అక్టోబరులో పిలార్ మాత పండుగకు కాస్త ముందు ఒక పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. లిసీనియో బురద బూట్లతోనే లోపలికొచ్చాడు. అన్నాళ్ల తర్వాత ఇంటి గడప దాటడం అదే. చేతిలో ఒక సంచి. బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాడు.

సంచి విప్పకముందే వంటింటి నిండా వాసన. తీశాను. ఎండుగడ్డి రంగు, ఎక్కడా పచ్చ జాడ లేదు, నా పిడికిలికి రెట్టింపు. ఒక పక్క ఇంత పెద్ద కొరుకు.

"ఎవరి ఎంగిలిది?"

"నాది."

"మగాళ్లు..."

"తెలుసు. చెయ్యి వేస్తే చాలు, చేతిలోకి వచ్చేసింది. ఆగలేకపోయాను." దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు. "నీ వరసదే."

తిట్టాలనుకున్నాను. నోట్లో నీళ్లూరిపోతుంటే ఏం తిడతాను? అతను కొరికిన చోటే కొరికాను.

నాలిక తగలగానే విడిపోయింది. తీపి ముందు రాలేదు, ముందు రసం వచ్చింది, గడ్డం మీదుగా మోచేతి దాకా కారింది. తర్వాత తీపి, దాని వెనక చిన్న పులుపు, ఉందా లేదా అన్నంత. కండ టెంకను వదలదు మా పండుకు. పళ్లతో గీరుకోవాలి. గీరుతుంటే మా అత్త లోపలి గదిలోంచి కేకేసింది.

"ఒసే, నాకుంచవే! చెట్లు నావి!"

టెంకను ఆవిడకిచ్చాను. ఆవిడ దాన్ని బుగ్గన పెట్టుకుని, కొడుకు బూట్ల వంక చూసి, "ఇల్లంతా బురద చేశావు కదరా," అంది. లిసీనియో బూట్లు విప్పి గడప బయట పెట్టి వచ్చి కూర్చున్నాడు. నేను గిన్నె పెట్టాను. ఉప్పు సరిపోయిందన్నాడు.

ఆ వారం ఆగిన తోటలన్నింటిలో ఆడవాళ్లు వరసగా కొరికారు. మగాళ్లు బుట్టలు పట్టుకుని చెట్ల కింద నిలబడి మా నోళ్ల వంక చూశారు. అర్కాదియో లారీ రాలేదు. పెద్ద రోడ్డు పక్కన బల్లలు వేసి మేమే అమ్మాం. కూజాలో ఎర్ర ద్రాక్షసారా పోసి, ముక్కలు కోసి ఊరేసి పెట్టాం. ఒక లారీ డ్రైవరు ఆగాడు. చొక్కా తడవకుండా ముందుకు వంగి నిలబడి తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. వెళ్లి, తర్వాతి ఆదివారం పెళ్లాన్నీ, అత్తగారినీ వెంటేసుకుని వచ్చాడు. పండు అంటే అది. దానికి ప్రచారం అక్కర్లేదు.

తోట నిలిచింది. లిసీనియో సంఘంలో కుర్చీ వదిలేశాడు. అర్కాదియో అతనితో మళ్లీ చెయ్యి కలపలేదు. కాఫీ కొట్లో మాట తప్పినవాడు అనే పేరు పడింది, ఆయన పోయేదాకా అది పోలేదు. ఆ పేరు మోసింది ఆయన, పండు తిన్నది ఊరంతా. ఆ తర్వాత మా ఇంట్లో కోత ఎప్పుడని ఎవరు అడిగినా, "నాకేం తెలుసు, ఆమెనడగండి," అని నన్ను చూపించేవాడు. బ్లాసా పన్ను ఊడిపోయింది. ఆ ఏటి నుంచి ఈ ఊళ్లో ఆడది తినకుండా ఏ చెట్టూ కోయలేదు.

ఇప్పుడు అదే షావుకారు కొడుకు అదే లారీని ఇంకా పెద్దది చేసుకుని వచ్చాడు. సంఘం అదే. భయమూ అదే. తేదీ కాగితం అచ్చయి ఉంది.

కాబట్టి చెబుతున్నాను. సంచులు తొడిగినవాళ్లందరూ సోమవారం సంఘం మీటింగుకు రండి. ఒట్టి చేతులతో రావద్దు. మీ మీ వరసల్లోంచి ఒక్కో కాయ తెంపుకుని, సంచితో సహా తెచ్చి బల్ల మీద పెట్టండి. ఆ తేదీకి చెయ్యెత్తిన ప్రతి మనిషీ, షావుకారు కొడుకుతో సహా, మన కళ్లముందు సంచి విప్పాలి, కొరకాలి, నమలాలి, మింగాలి. సంఘం పెద్దల్లారా, మింగితే కోసుకోండి. మింగలేకపోతే ఆ కాగితం గోడకెక్కకముందే చింపెయ్యండి, నిచ్చెనలు దించండి, పండేదాకా నోరు మూసుకుని ఆగండి.